మా పెరట్లో గుడ్డు బండి

ఏమండీ, మీ ఇంట్లోనూ ఒక వస్తువు ఉండే ఉంటుంది. మీవారు మిమ్మల్ని అడక్కుండా కొనుక్కొచ్చింది, చూసినప్పుడల్లా మీకు ఒళ్ళు మండేది. పాత స్కూటరో, పాడయిపోయిన ఫ్రిజ్జో... మా ఇంట్లో అది ఒక బండి. అలాంటిలాంటి బండి కాదు, జీపు వెనకాల తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు! రెండు చక్రాలు, ఒక తలుపు, మూడు కిటికీలు, లోపల ఇద్దరు పడుకోవడానికి బల్ల, మూలన స్టవ్ పెట్టుకోవడానికి గట్టు. ఒళ్ళంతా ఫైబర్. దూరం నుంచి చూస్తే పెద్ద కోడిగుడ్డుకి చక్రాలు పెట్టినట్టుంటుంది. అందుకే మా వీధి పిల్లలు దానికి 'గుడ్డు బండి' అని పేరు పెట్టేశారు.

మాది బొర్రా. అవును, ఆ గుహల బొర్రాయే. విశాఖ నుంచి పొద్దున్నే వచ్చే రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ మీరూ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటారు. 2017లో ఆ రైలుకి అద్దాల పెట్టె తగిలించాక వచ్చేవాళ్ళు ఇంకా ఎక్కువయ్యారు. మావారికి టూరిస్టు జీపు ఉంది. నేను ఎస్.కోటలో ఇంటర్ వరకూ చదివి, పెళ్ళయి ఇక్కడికొచ్చాను. ఇద్దరు పిల్లలు. నా లోకం ఇల్లూ, పెరడూ, డ్వాక్రా గ్రూపూ అంతే.

2020 జనవరిలో ఒక సాయంత్రం మావారు ఆ బండిని జీపుకి కట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కించి తెచ్చారు. విశాఖలో ఎవరో పెద్దాయన ముప్ఫై ఏళ్ళ కిందట సరదాపడి, ఫైబర్ పడవలు చేసేవాళ్ళ చేత చేయించుకున్నాడట. తర్వాత చేతులు మారి మారి టీ కొట్టయిందట.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"గుహల కాడ పెడదాం. టూరిస్టులు ఎగబడతారు, సూడు."

"డబ్బెక్కడిది?"

ఆయన మాట్లాడలేదు. నాకు గుండె గుభేలుమంది. లోపలికెళ్ళి బీరువా తీసి చూస్తే, అమ్మాయి నర్సింగు చదువుకని దాచిన 70 వేలు లేవు!

రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చిపడింది. గుహలు మూసేశారు, రైళ్ళు ఆగిపోయాయి, జీపు గుమ్మం ముందునుంచి కదల్లేదు. ఆ ఏడాది ఇంటర్ పాసైన మా అమ్మాయి కాలేజీలో చేరలేక ఇంట్లోనే ఉండిపోయింది. "పోన్లే అమ్మా, వచ్చే ఏడు చేరతాను" అంది గానీ, రాత్రిళ్ళు అటు తిరిగి పడుకుని ఏడవడం నాకు తెలియదా? నా చెవి దిద్దులు అమ్మి మరుసటేడు చేర్పించాం.

నేను గొడవ పెట్టుకోలేదండీ. అదే నేను చేసిన తప్పు. అన్నం వడ్డించేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని, అడిగినదానికి జవాబు చెప్పేదాన్ని. అంతకు మించి ఆయనతో మాట్లాడటం మానేశాను. బండి పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉంది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. వానొస్తే లోపల బొట్టు బొట్టుగా కారేది. ఆ చప్పుడు వింటూ పడుకునేదాన్ని.

నాలుగో ఏడు, 2023 చివర్లో, పాత సామాన్లవాడు వస్తే పిలిచాను. వాడు బండి చుట్టూ తిరిగి, "ఇరుసు, చక్రాలు తీసుకుంటానమ్మా. ఈ ఫైబర్ ఏటికీ పనికిరాదు. కరిగించడానికీ అవదు, కాల్చడానికీ అవదు, విషప్పొగ వస్తాది" అన్నాడు. ఇనుమైతే తుప్పు పడుతుంది, చెక్కయితే చెదలు తింటుంది. ఇది మాత్రం మట్టిలో కలవదట, నిప్పులో వేయకూడదట! మా అబ్బాయి ఫోన్‌లో చూసి ఇంకో సంగతి చెప్పాడు. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో అనే ఆయన అచ్చం ఇలాంటి బండినే తయారుచేశాడట. పేరు బోలర్. ఆయన అంతకుముందు ఏం చేసేవాడో తెలుసా? ఫైబర్‌తో సెప్టిక్ ట్యాంకులు! అదే పనితనంతో పైసగం, కిందసగం విడివిడిగా అచ్చులో పోసి, నడుం దగ్గర అతికించేశాడు. ఆ పాత బండ్లను ఇప్పటికీ వెతికి కొనుక్కుని, బాగుచేసి రంగులేసుకునేవాళ్ళు ఉన్నారట. నాకు నవ్వూ వచ్చింది, ఆశా పుట్టింది. పైపైన రంగేసి ఎవరికైనా అంటగట్టేద్దాం అనుకున్నాను.

డిసెంబరులో రెండు డబ్బాల ఎనామిల్ తెచ్చి, సర్ఫు నీళ్ళతో పైపైన కడిగి, నీలం రంగు వేసేశాను. మా కొండల్లో డిసెంబరు మంచు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. తెల్లారేసరికి రంగు మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర! సంక్రాంతికి ఉల్లిపొరల్లా ఊడిపోయింది. దాచానన్న పగుళ్ళన్నీ మళ్ళీ బయటపడ్డాయి.

ఫిబ్రవరిలో మా తమ్ముడొచ్చాడు. వాడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ పడవలకు రిపేర్లు చేస్తాడు. ఊడిన రంగు చూసి పడీ పడీ నవ్వి, "అప్పా, పగులు మీద రంగేస్తే పగులు పోద్దేటి?" అన్నాడు. రూపాయి బిళ్ళ తీసి బండి ఒళ్ళంతా టక్ టక్ మని కొట్టుకుంటూ పోయాడు. మనం సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగన్నమాట. గట్టి చోట ఖణేల్‌మంటుంది. పొరలు విడిపోయిన చోట బొద్దుగా మోగుతుంది. అలాంటి చోట్లు తొమ్మిది దొరికాయి. సుద్దముక్కతో సున్నాలు చుట్టాడు.

గ్రూపులో 25 వేలు అప్పు తీసుకుని పని మొదలెట్టాం. ముందు లోపల శుభ్రం చేస్తుంటే, గట్టు పక్కన గోడకి అంటించిన పాత ప్లాస్టిక్ పూల కాగితం ఊడొచ్చింది. దాని వెనక పెన్సిలుతో రాసిన లెక్కలు! పాలు ఇంత, పంచదార ఇంత, గ్యాసు ఇంత. గుండ్రటి చేతిరాత, ఎవరో ఆడమనిషిదే. అన్నిటికన్నా కింద 'పాప ఫీజు' అని రాసి, దాని చుట్టూ రెండుసార్లు గీత గీసుంది. నేను అక్కడే కూలబడిపోయాను. మావారు వెనక నిలబడి చదివారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నిన్నడిగితే వద్దంటావని అడగలేదే. పాప మొహం సూడలేక నాలుగేళ్ళూ ఈ బండి కాసి ఎల్లలేదు" అన్నారు.

ఆ రోజు నేను నోరు విప్పాను. నాలుగేళ్ళవి అన్నీ అడిగేశాను. దిద్దుల సంగతి, అమ్మాయి ఏడుపు సంగతి, నన్ను లెక్కలోకే తీసుకోని సంగతి. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. "తప్పే" అన్నారు. ఏడ్చాను, తిట్టాను. సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసి ఆయనే స్వయంగా చెప్పుకున్నారు.

మర్నాడు తమ్ముడు పగులు బాగుచేయడం చూపించాడు. వాడు పూడుస్తాడనుకుంటే, మిషను పెట్టి ఇంకా పెద్దది చేస్తున్నాడు! "అదేట్రా?" అంటే, "గట్టి ఫైబర్ తగిలేదాకా రెండు పక్కలా ఏటవాలుగా చెక్కెయ్యాలప్పా. పుచ్చింది పుచ్చినట్టుంచి పైన పూస్తే నిలవదు" అన్నాడు. నేనూ మావారూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఆ చెక్కుడు దుమ్ము మహా చెడ్డది సుమండీ. ఒంటికి తగిలితే దురదగుండాకు రాసుకున్నట్టే. సెలవు మీద వచ్చిన మా అమ్మాయి అందరికీ గ్లవ్స్, మాస్కులు తెచ్చింది. "ఈ మాస్కు దుమ్మునే ఆపుతుంది, రంగు వాసనల్ని ఆపదు" అని కూడా చెప్పింది. అందుకని రంగు పనికి తమ్ముడు హార్బర్ నుంచి డబ్బీల మాస్కులు వేరే తెచ్చాడు. పని అయ్యాక ముందు చన్నీళ్ళతోనే కడుక్కోవాలి. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతక్కూడదు.

ఇక అతుకు వేయడం. గాజు నారతో చేసిన మ్యాట్ ముక్కలు చింపి పరిచి, పైన రెజిన్ తడుపుతూ, గాలి బుడగల్లేకుండా రోలర్‌తో అదమాలి. పొర మీద పొర. మా గుహల్లో సున్నం చుక్క చుక్కగా పేరుకుని శివలింగాలైనట్టే అనిపించింది నాకు. కాకపోతే వాటికి వేల ఏళ్ళు, దీనికి అరగంట! రెజిన్‌లో హార్డెనర్ కలపడం అచ్చం పాలకు తోడు వేయడమే. కిలోకి పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు, అంతే. తక్కువైతే బంకలా ఉండిపోతుంది, ఎక్కువైతే వేడెక్కి పగులుతుంది. చలికి పెరుగు తోడుకోనట్టే, చలిలో ఇదీ గట్టిపడదు. నా డిసెంబరు రంగు మంచుకి పాడైతే, ఇదీ ఎండ కావాలనేదే! ఎండ బాగా ఎక్కాక పదింటికి మొదలెట్టి, మూడింటికల్లా ఆపేసేవాళ్ళం. ఒక్క జాగ్రత్త: రెజిన్‌లో ముందే కలిపే కోబాల్టు మందు వేరే ఉంటుంది. అదీ హార్డెనరూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి. మా తమ్ముడు ఆ మందు కలిపేసి ఉన్న రెజినే తెచ్చాడు. అలవాటు లేనివాళ్ళు సొంతంగా చేయకండి, పనివాణ్ణి పక్కన పెట్టుకోండి.

కారే చోటు వెతకడం ఇంకో ప్రహసనం. బల్ల మీద నీళ్ళు పడుతుంటే పైకప్పు చిల్లుపడిందనుకున్నాం. కానీ నీళ్ళు దూరింది కిటికీ చుట్టూ ఉన్న రివెట్ల దగ్గర. గోడ లోపల్నుంచి పాకి ఇటు వచ్చి కారుతోంది. రివెట్లు మార్చి, కిటికీలు ఊడదీసి కొత్త సీలెంటు పెట్టి బిగించాం. తడికి మెత్తబడిన నేల ప్లైవుడ్ తీసేసి, నీటికి ఆగే ప్లై వేయించాం. చక్రాల బేరింగులు, గ్రీజు, టైర్లు మావారి వంతు.

చివరికి రంగు. ముందు మైనం, జిడ్డు పోయేలా తుడిచి, నీటి కాగితంతో ఒళ్ళంతా నునుపు చేశాం. చెయ్యి పెట్టి చూస్తే ఎక్కడా గరుకు తగలకూడదు, మెరుపు మిగలకూడదు. తర్వాత ఎపాక్సీ ప్రైమరు, ఆపైన పాలియురేథేన్ రంగు రెండు పూతలు. పైసగం తెలుపు, ఎండకు లోపల వేడెక్కకుండా. కిందసగం కాఫీ ఆకు పచ్చ, అది మా అమ్మాయి ఎంచింది. ఆ పెన్సిలు లెక్కలున్న జానెడు చోటు మాత్రం రంగు వేయకుండా వదిలేశాం.

2024 ఉగాదికి బండి గడప దాటింది. కాగితాలు సరిచేయించి, పంచాయతీ వాళ్ళనడిగి, శని, ఆదివారాలు గుహలకు వెళ్ళే దారిలో పెడుతున్నాం. కాఫీ, చోడి అంబలి, అల్లం గారెలు. లక్షలు వచ్చిపడుతున్నాయని కోతలు కొయ్యను. ఖర్చులు పోను వెయ్యి మిగిలిన ఆదివారం మాకు పండగే. గ్రూపు అప్పు తీరిపోయింది. అమ్మాయి చదువు పూర్తయి విశాఖలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరింది. మొదటి జీతంతో నాకు దిద్దులు కొంది. పోయిన ఏడాది మాత్రం తిరిగి రాదు. అది మావారికీ తెలుసు, నాకూ తెలుసు.

పాత ఫైబర్ బండి మీకెవరికైనా కనబడితే నేను చెప్పేది నాలుగు మాటలే. కొనేముందు కాగితాలు చూడండి, వెనక తగిలించే బండికైనా రిజిస్ట్రేషన్ కావాలి. బిళ్ళతో కొట్టి వినండి. నేల మీద బలంగా తొక్కి చూడండి, మెత్తగా దిగితే ప్లై పుచ్చినట్టే. చలిలో, మంచులో రంగు జోలికి పోకండి. ఐదోది కూడా ఉందండోయ్, ఇంట్లో ఇద్దరూ అనుకున్నాకే కొనండి!

ఇప్పుడు రోజూ సాయంత్రం కొట్టు కట్టేశాక, ఆ పాత లెక్కల పక్కనే నా లెక్కలు పెన్సిలుతో రాస్తాను. మావారు పక్కన కూర్చుని కూడుతారు. పైసా తేడా వచ్చినా నన్నడుగుతారు. మీరు బొర్రా వస్తే, దారిలో తెలుపూ పచ్చా గుడ్డు బండి కనిపిస్తే ఆగండి. లోపలికొచ్చి ఆ గుండ్రటి చేతిరాత చూసి, అది మీకు తెలిసినవాళ్ళదేమో చెప్పండి. వేడి వేడి కాఫీ ఇస్తాను.