బతికినోళ్ల పాదాలు



హెచ్‌ఐవి మీద నేను చదివిన తెలుగు కథలు చాలావరకు చావుతో ముగుస్తాయి. కానీ 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక లక్షల మంది బతికారు. బతికినోళ్లు ముసలోళ్లవుతున్నారు. వాళ్ల ముసలితనం సంగతి ఎవరు రాయాలి?

మా చిన్నమ్మకు యాభై ఆరేళ్లు. ఆమె ఒప్పుకుంటేనే, ఊరి పేరు లేకుండా రాస్తున్నాను. ఏళ్ల తరబడి మాత్ర తప్పలేదు. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువుంది. అయినా రాత్రంతా అరికాళ్లు మంట, పగలు తిమ్మిరి. "బురదలో కాలు పెడితే నేల తగలట్లేదు నాయనా, దూది మీద నడిచినట్టుంది" అంటది. ముల్లు దిగినా రక్తం చూస్తేగానీ తెలీదు. కింద కూచుంటే చెయ్యి ఊనకుండా లేవలేదు. నాట్ల మేస్త్రి ఈ ఏడు ఆమెను పిలవలేదు.

ఇది ఒట్టి వయసు కాదు. హెచ్‌ఐవి నరాలను దెబ్బతీస్తుంది. పొడవాటి నరాలు ముందు పాడవుతాయి కాబట్టి మొదట పాదాలకే వస్తుంది. తొలి రోజుల్లో ఇక్కడ విరివిగా ఇచ్చిన చవక మందు స్టావుడిన్ కూడా అదే పని చేసింది. ధనిక దేశాలు ముందే వదిలేసిన ఆ మందును దశలవారీగా ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2009లో. మందు ఆగినా నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు. షుగర్, బి12 లోపం, సారా, టీబీకి వాడే ఐసోనియాజిడ్ తోడైతే బాధ ఇంకా పెరుగుతుంది. కండ కూడా తొందరగా కరుగుతుంది.

ఆ మాత్రలే ఆమెను బతికించాయి, నిజం. కానీ నా పాదాలు మొద్దుబారితే నేను కుర్చీలో కూచుని పాఠం చెప్పగలను. కూలికి పాదమే పెట్టుబడి. ఎవరి ఒంటికి ఏ పనో కులం ముందే రాసిపెట్టిన ఊళ్లో నరాల జబ్బు ఒట్టి నరాల జబ్బుగా మిగలదు.

ఆసుపత్రిలో చెబితే "మీకివన్నీ మామూలే" అన్నారట. చెప్పులు విప్పమని కూడా అడగలేదు. బొటనవేలికి ట్యూనింగ్ ఫోర్క్ ఆనించి అదురు తెలుస్తుందా అని చూడ్డానికి నిమిషం చాలు. చేతులు ఊనకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవమంటే కాళ్ల సత్తువ తెలుస్తుంది. షుగర్, బి12 పరీక్షలు, ఐసోనియాజిడ్‌తో పాటు బి6, మంట తగ్గించే మందు, కసరత్తు, గుడ్డూ పప్పూ: ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు.

2017 హెచ్‌ఐవి చట్టం వివక్ష కూడదంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో దీర్ఘకాలిక నరాల జబ్బులున్నాయి. ఈ రెండు చట్టాలూ మా చిన్నమ్మ పాదం దాకా రావాలి.

విద్యార్థి మిత్రులారా, వాడలో వైద్య శిబిరం పెడితే పాదాలు కూడా చూడమని డాక్టర్లను అడగండి. అందరివీ చూడమనండి, అప్పుడు ఎవరి గుట్టూ బయటపడదు. మాత్రలు మాత్రం సొంతంగా మానొద్దని చెప్పండి.

"బతికించాం కదా" అనే దయ దగ్గర ఆగొద్దు. పనిచేసుకుని నడిచే బతుకు అడుగుదాం.