మూత తీసి చూసేవాళ్లు

జంషెడ్‌పూర్‌లో టెల్కో కాలనీకి ఆనుకుని ఉన్న బస్తీ బిర్సానగర్. ఇక్కడ అడ్రసు చెప్పాలంటే జోన్ నంబరు చెప్పాలి. వానాకాలం చివర డెంగీ భయం మొదలయ్యాక, ఇంటింటికీ తిరిగి దోమ లార్వా వెతికే బృందంతో ఒక పొద్దున నేనూ గల్లీల్లోకి వెళ్లాను. జార్ఖండ్‌లో ఆశా కార్యకర్తను సహియా అంటారు. ముందు సహియా దీదీ, వెనక ఇద్దరు కుర్రాళ్లు. వాళ్ల చేతుల్లో టార్చి, పొడుగు పిడి గరిటె, తెల్ల ట్రే, సుద్దముక్క, రిజిస్టరు. అంతకుమించి సరంజామా ఏమీ లేదు.

కుళాయి వచ్చే వేళలు కొన్నే కాబట్టి ప్రతి వాకిట్లోనూ నీలం డ్రమ్ము ఉంటుంది. దీదీ ముందు డ్రమ్ము మూత తీస్తుంది. తర్వాత కూలరు, ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే పళ్లెం, తులసి కుండీ కింది ప్లేటు, డాబా మీద పడేసిన పాత టైరు. అందరూ ముందుగా చూపించే మురుగు కాలువ దగ్గర మాత్రం ఆమె ఆగదు. డెంగీ దోమకు కావలసింది మనం తాగడానికి దాచుకున్నంత శుభ్రమైన నీళ్లు.

టెక్కలి వైపు నుంచి పెళ్లయి వచ్చి ఇక్కడే ముసలిదైన ఒక మామ్మగారి సిమెంటు తొట్టిలో లార్వా దొరికింది. ఆవిడకు నమ్మబుద్ధి కాలేదు. "మొన్న ఆదివారమే నీళ్లు పారబోసీసినాను కదేటి బాబూ! మళ్లీ ఈ తోకపురుగులు ఎలగొచ్చీసినాయి?" అంది. దీదీ హిందీలో చెప్పింది, నేను తెలుగులో అందించాను. ఏడిస్ దోమ నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన తొట్టి గోడ తడికి గుడ్లు అంటిస్తుంది. నీళ్లు పారబోసినా గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి. ఎండిపోయి నెలల తరబడి బతుకుతాయి, తిరిగి నీళ్లు తగలగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో రెక్కల దోమ లేస్తుంది. అందుకే వారానికోసారి తొట్టి వంచి, గోడలను పీచుతో గట్టిగా తోమాలి. మామ్మగారు అప్పటికప్పుడే కొబ్బరి పీచు తెచ్చి కూర్చున్నారు. ఎందుకు తోమాలో తెలిశాక ఆవిడకు ఇంకొకరు చెప్పే పని లేకపోయింది.

ట్రేలో ఏ పురుగు ఏదో దీదీ చూపించింది. ఏడిస్ లార్వా తోక దగ్గరి పొట్టి గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి తలకిందులుగా వేలాడుతుంది. టార్చి పడితే మెలికలు తిరుగుతూ అడుగుకు జారుకుంటుంది. మురికి నీటిలో పెరిగి బోదకాలు మోసే క్యూలెక్స్ కూడా వేలాడేదే గానీ దాని గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మలేరియా తెచ్చే అనాఫిలిస్‌కు ఆ గొట్టమే లేదు, నీటి మీద అడ్డంగా పడుకుంటుంది. సింగ్‌భూమ్ అడవుల్లో దాని ఉనికి వాగుల్లో. మూడు దోమలకు మూడు నీళ్లు, మూడు జబ్బులు. ఒకదాని కోసమని ఇంకోదాని చోట మందు పోస్తే వృథా.

చూసినదంతా రిజిస్టరులోకి ఎక్కుతుంది. వంద ఇళ్లలో ఎన్నింట లార్వా ఉందో అది హౌస్ ఇండెక్స్. వంద ఇళ్లకు లార్వా ఉన్న పాత్రలెన్నో అది బ్రెటో ఇండెక్స్. రోగులు ఆస్పత్రికి చేరకముందే ఏ గల్లీకి ముప్పుందో ఈ లెక్క చెబుతుంది. ఏడిస్ కొన్ని వందల మీటర్లకు మించి ఎగరడం అరుదు. ఒకరికి డెంగీ వచ్చిందంటే కుట్టిన దోమ చాలాసార్లు ఆ చుట్టుపక్కలే పుట్టి ఉంటుంది. ఇంతా తెలిసి మనం అడిగేది మాత్రం దోమల మందు పొగ కొట్టే బండినే. పొగ తగిలిన రెక్కల దోమలు చస్తాయి, నిజమే. మంచం కింద, పరదా వెనక వాలిన దోమకు అది చేరదు, తొట్టిలో లార్వాకు అసలే అంటదు. బండి వచ్చిందంటే ప్రభుత్వం పని చేసినట్టు కనిపిస్తుంది. మూతలు తీసి చూసే దీదీ ఎవరికీ కనిపించదు. ఆమెకు నెల జీతం లేదు, వచ్చేది ఎక్కువగా పనిని బట్టి ప్రోత్సాహకం. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

ఏ దోమో తేల్చుకోవడం ఎంత పెద్ద పనో మన సికింద్రాబాద్‌కు తెలుసు. మలేరియాను ఏ దోమ మోస్తుందో తేల్చడానికి రొనాల్డ్ రాస్ అక్కడ 1895 నుంచి దోమలు కోసి చూశాడు. అవి మలేరియా దోమలు కావు గనక ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టులో అతని మనుషులు తెచ్చిన లార్వాల నుంచి మచ్చల రెక్కల కొత్త రకం దోమలు లేచాయి. వాటిని హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న బేగంపేటలో అలాంటి దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కనబడింది. 1902లో నోబెల్ వచ్చింది. రాస్ పని చేసిన భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. లార్వాలు ఏరి తెచ్చిన చేతులు లేనిదే రాస్ సూక్ష్మదర్శిని కింద పెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

మధ్యాహ్నం బస్తీ దాటి హుర్లుంగ్ వైపు వరి పొలాల్లోకి నడిచాను. అక్కడా దోమ గొడవే, అయితే ఇది వరి దోమ. గోదావరి రైతును పీడించే సుడిదోమ ఇక్కడి రైతుకూ తెలుసు. ఒక రైతు గట్టు దిగి దుబ్బును వంచి తట్టాడు. మొదట్లోంచి గోధుమరంగు పురుగులు కొన్ని నీళ్లలో రాలాయి, వాటితో పాటు రెండు సాలీళ్లు. సుడిదోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది, పైపైన కొట్టిన మందు అక్కడికి దిగదు. పైగా ఆ మందు సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపితే సుడిదోమ ఇంకా పెరుగుతుంది. ఇండోనేషియా ఈ దెబ్బ తిని 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. ఈనే దశలో దుబ్బుకు 20-25 పురుగులు దాటితేనే మందు అని మన వ్యవసాయ అధికారులు చెప్పే లెక్కను నేను అతనికి చెప్పాను. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు మొదట్లోకి దిగుతాయని కూడా అన్నాను. కాలిబాటల సంగతి వచ్చే ఏడు చూస్తానన్నాడు. ఇంకో నాలుగు చోట్ల దుబ్బులు తట్టి, రాలిన పురుగులు లెక్కపెట్టి, ఇప్పటికి మందు వద్దనుకున్నాడు. పారతో గండి కొట్టి మడిలో నీళ్లు వదిలేశాడు.