ఇసుక నేల మీద ఆకాశం చదువు

మన గల్ఫ్ తెలుగు కుటుంబాల్లో పిల్లలు పన్నెండో తరగతికి రాగానే మొదలయ్యే చర్చ ఒకటే. కంప్యూటర్సా, మెడిసినా? మధ్యలో ఎవరైనా "ఏరోస్పేస్" అన్నారంటే ఒక్క క్షణం అందరూ మౌనం. ఆ తర్వాత వచ్చే మొదటి ప్రశ్న "ఉద్యోగాలుంటాయా?" ఎం.సి.ఏ. చేసి, ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ ఐటీ కన్సల్టెంట్‌గా పనిచేస్తున్న నాకూ అదే ప్రశ్న ఎదురైంది. కాకపోతే మా ఇంట్లో ఆ మాట కాస్త ఆలస్యంగా, ఇంజనీరింగ్ పూర్తవుతుండగా వచ్చింది.

మా పెద్దమ్మాయి ఇక్కడే మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. చివరి సెమిస్టర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. మంచి జీతం. అదే నెలలో అబుదాబిలో ఏరోస్పేస్ మాస్టర్స్‌లో రీసెర్చ్ సీటు వచ్చింది. ఫీజు లేదు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, కానీ అది ఆ జీతంలో సగం కూడా ఉండదు. పైగా ఆ తర్వాత పీహెచ్‌డీ కూడా చేస్తానంటుంది. అంటే ఆరేడేళ్ల మాట! విజయవాడ ఫ్లాట్ మీద లోను ఇంకా నాలుగేళ్లుంది. అబ్బాయి వచ్చే ఏడాది కాలేజీకి వెళ్లాలి. నాది కాంట్రాక్టు ఉద్యోగం. మా అమ్మయితే ఫోన్‌లో "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట! ముందు దానికి సంబంధం చూడరా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

జవాబు చెప్పడానికి నెల రోజులు గడువుంది. అవునన్నా కాదన్నా అసలా చదువేమిటో తెలియాలి కదా! ఆ నెలలో చదివినవీ, తెలిసినవాళ్లను అడిగినవీ మీతో పంచుకుంటున్నాను. ఇలాంటి చర్చ రేపు మీ ఇంట్లోనూ రావచ్చు.

ఇంతకీ రీసెర్చ్ అంటే ఏం చేస్తారు?

పిల్లలూ, ఈ భాగం మీకోసం. జులైలో దుబాయ్‌లో మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండ ఉంటుంది కదా. వేడెక్కిన గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల దగ్గర ఉండే గాలితో పోలిస్తే 45 డిగ్రీల దగ్గర దాని సాంద్రత దాదాపు పది శాతం తక్కువ. అంటే విమానం రెక్కను పైకి లేపాల్సిన గాలీ తగ్గింది, ఇంజన్ పీల్చుకోవాల్సిన గాలీ తగ్గింది. అందుకే అదే విమానం, అదే బరువుతో, ఎండాకాలంలో రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తాలి.

ఇక దుమ్ము సంగతి. షమాల్ గాలి వీచిన మర్నాడు మన బాల్కనీలో వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్మే విమానం ఇంజన్‌లోకి వెళ్తే? లోపల మండే భాగంలో వేడి 1,200 డిగ్రీలు దాటుతుంది. అక్కడ సన్నటి ధూళి కరిగి, గాజులా మారి, టర్బైన్ బ్లేడ్లకు అంటుకుంటుంది. బ్లేడును వేడి నుంచి కాపాడే పూతలోకి ఇంకి, చల్లారినప్పుడు ఆ పూతను పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. చల్లటి గాలి రావడానికి బ్లేడుకు పెట్టిన సన్నటి రంధ్రాలనూ మూసేస్తుంది. ఈ గాజును అంటుకోనివ్వని పూత ఎలా తయారుచేయాలన్నది చాలా దేశాల శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతున్న ప్రశ్న. మా అమ్మాయి ఎంచుకున్న అంశం ఇదే. మనం వారం వారం తుడిచి పారేసే దుమ్ము మీద ఇంత చదువు ఉంటుందని నేనైతే ఎన్నడూ అనుకోలేదు.

మనవాళ్లు లేరా?

ఎందుకు లేరు! గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి గారు కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి, 1969లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో డాక్టరేట్ తీసుకున్నారు. ఏరోస్పేస్ రంగంలో ఆయన చేసిన కృషికి 2013లో పద్మభూషణ్ వచ్చింది. వరంగల్ ప్రాంతం నుంచి వచ్చిన జె.ఎన్. రెడ్డి గారు 1968లో ఉస్మానియాలో ఇంజనీరింగ్ చేసి, 1974లో అలబామా విశ్వవిద్యాలయం హంట్స్‌విల్ శాఖ నుంచి పీహెచ్‌డీ పొందారు. పొరలు పొరలుగా ఉండే కాంపోజిట్ పలకలు బరువుకు ఎలా వంగుతాయో లెక్కగట్టే ఆయన సిద్ధాంతం 1984లో వచ్చింది. 2019లో యంత్రశాస్త్రంలో ఎంతో గౌరవప్రదమైన టిమోషెంకో మెడల్ అందుకున్నారు.

ఇద్దరికీ పేరు తెచ్చిన వాటిలో ముఖ్యమైనది ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. రెక్క మొత్తానికి ఒకేసారి లెక్క కట్టలేం కాబట్టి దాన్ని వేల చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకూ సమీకరణం రాసి, అన్నీ కలిపి కంప్యూటర్‌తో సాధిస్తారు. మా అమ్మాయి ఇది వివరిస్తున్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది మన ప్రోగ్రామింగే! తేడా ఒక్కటే. మా సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే రాత్రికి రాత్రి ప్యాచ్ వేస్తాం. గాల్లో ఉన్న రెక్కకు ప్యాచ్ వేయలేం.

ఈ దేశం ఎలా నేర్చుకుంది?

మన కళ్లముందు జరిగిన కథ ఇది. 2009లో దుబాయ్‌శాట్-1 వెళ్లినప్పుడు ఎమిరాతీ ఇంజనీర్లు కొరియా వాళ్ల పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. 2018లో ఖలీఫాశాట్‌ను ఇక్కడే, తామే తయారుచేసుకున్నారు. 2020 జులైలో హోప్ నౌక జపాన్ నుంచి బయల్దేరి 2021 ఫిబ్రవరి 9న అంగారకుణ్ణి చేరింది. దాని తయారీలో భాగస్వామి అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్. మన కల్పనా చావ్లా 1988లో ఏరోస్పేస్‌లో పీహెచ్‌డీ పొందింది అక్కడే. 2023లో ఆరు నెలలు అంతరిక్షంలో ఉన్న సుల్తాన్ అల్ నెయాది గారికి డాక్టరేట్ ఉంది. ఏ సబ్జెక్టులో అనుకుంటున్నారు? ఐటీలో! అది విన్నప్పుడు మాత్రం నేను కాలర్ ఎగరేశాను.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ షార్జా విద్యార్థులు మొహమ్మద్ బిన్ రషీద్ అంతరిక్ష కేంద్రంతో కలిసి నాయిఫ్-1 అనే బుల్లి ఉపగ్రహం చేశారు. పది సెంటీమీటర్ల ఘనం, మన వంటింటి పప్పు డబ్బా అంత. అది 2017 ఫిబ్రవరి 15న పీఎస్ఎల్‌వీ ఎక్కి, మొత్తం 104 ఉపగ్రహాల్లో ఒకటిగా, మన శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది. షార్జా పిల్లల పనితనం తెలుగు నేల మీదుగా ఆకాశానికి చేరిందన్నమాట.

పాస్‌పోర్టు ప్రశ్న

ఇక అసలు భయం. ఈ రంగంలో దేశాలు తమ రహస్యాలను తాము కాపాడుకుంటాయి. అమెరికాలో రాకెట్ల సాంకేతిక వివరాలను విదేశీయులతో పంచుకోవడాన్ని కట్టడి చేసే ఎగుమతి నియంత్రణ చట్టాలున్నాయి. మా అమ్మాయి వేసవి శిక్షణ కోసం ఒక విదేశీ కంపెనీకి రాస్తే, పౌరసత్వం కారణం చూపి ఒక్క వాక్యంలో కాదన్నారు. ఇక్కడేమో ఎన్నేళ్లున్నా మనం వీసా మీద ఉన్నవాళ్లమే. పుట్టి పెరిగిన ఊరు తనది కాదని, తనదైన దేశంలో ఎప్పుడూ ఉండలేదని మన పిల్లలు పడే మథనం మీకు తెలియంది కాదు.

అయితే ఇస్రోలో చేరడానికి కావలసింది ఆ భారత పాస్‌పోర్టే. 2022 నవంబరు 18న దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను ఎగరేసిన స్కైరూట్ హైదరాబాద్ కంపెనీయే. దాన్ని 2018లో స్థాపించిన ఇద్దరు మాజీ ఇస్రో ఇంజనీర్లూ తెలుగువాళ్లే. దారులు లేకపోలేదు. గ్యారంటీ మాత్రం లేదు.

గడువుకు రెండు రోజుల ముందు నేను ఎక్సెల్ షీటు వేసి చూపించాను. ఉద్యోగం ఒక వరుస, చదువు ఒక వరుస. పదేళ్ల లెక్క. అమ్మాయి అంతా ఓపిగ్గా చూసి, "నాన్నా, నువ్వు విజిట్ వీసా మీద దుబాయ్ వస్తానన్నప్పుడు తాతయ్య ఏ షీటు చూసి పంపారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా మాట్లాడని మా ఆవిడ, "సంబంధం ఎక్కడికీ పోదండీ, సీటు పోతుంది" అంది. కొత్త కారు ఆలోచన పక్కన పెట్టాం. సాఫ్ట్‌వేర్ కంపెనీకి అమ్మాయే మర్యాదగా ఉత్తరం రాసుకుంది.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం అబుదాబి నుంచి బస్సులో ఇంటికొస్తుంది. పోయిన నెల మూడు వారాలు కష్టపడి తయారుచేసిన పూత కొలిమిలోంచి తీయగానే పగిలిపోయిందట. ఏడుస్తుందేమోనని మేం భయపడుతుంటే, పగులు ఎక్కడ మొదలైందో మైక్రోస్కోప్ కింద తీసిన ఫొటో చూపించి గంటసేపు మాట్లాడింది. మా అమ్మ ఇంకా సంబంధాలు పంపుతూనే ఉంది. ఆరేళ్ల తర్వాత అమ్మాయి ఏ దేశంలో ఉంటుందో నాకిప్పటికీ తెలియదు.

ఇటువైపు చూస్తున్న పిల్లలకు నాలుగు మాటలు. లెక్కలూ, ఫిజిక్సూ గట్టిగా పట్టుకోండి. ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి. హోప్ నౌక పంపిన అంగారకుడి సమాచారాన్ని ప్రపంచమంతటికీ ఉచితంగా ఇచ్చారు, దాంతో ఆడుకోండి. ఇండియా వెళ్లాలనుకుంటే గేట్ పరీక్ష ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఏరోస్పేస్ ఉంది. ఇక్కడైతే అబుదాబి ఖలీఫా యూనివర్సిటీలో పీజీ, పీహెచ్‌డీ స్థాయిల్లో ఈ చదువుంది. సందేహాలుంటే మన తర్వాతి కార్యక్రమంలో మా అమ్మాయిని పట్టుకోండి. దుమ్ము గురించి అడిగితే మాత్రం కాస్త తీరిక చేసుకుని అడగండి, భోజనాల వేళ దాటిపోతుంది!