తానం చేసినంక

మా దిక్కు ఏ కీడు తగిలినా ముందు జరిగేది తానం. చావుకు పోయొచ్చినా, దవాఖానలో పడుకొని వచ్చినా నెత్తిన నీళ్ళు పడాల్సిందే. ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగినప్పుడూ అంతే. తల్లి తలుపేసి, నీళ్ళు కాగబెట్టి, బిడ్డ ఒళ్ళు రుద్ది రుద్ది కడుగుతుంది. ఆ బట్టల్ని చూడలేక పొయ్యిలో పడేస్తుంది. ఆమె తెలివితక్కువది కాదు. బిడ్డ ఒంటిమీది పరాయి చేతిని తుడిచెయ్యాలనుకుంటుంది, అంతే.

నేను ముప్ఫయ్యేళ్ళు సర్కారు దవాఖానల్లో నర్సుగా చేసి, రిటైరయ్యాక బీబీపేటకు తిరిగొచ్చాను. సాయంత్రం పూట మా వాడకట్టులో ఏ అరుగు మీద చూసినా ఒళ్ళో చాట, చాటలో తునికాకు. ఒకరోజు టీవీలో ఏదో కేసు సంగతి విని, చెల్లె వరసయ్యే ఒకామె బీడీ చుట్టే చెయ్యి ఆపకుండానే అడిగింది: “సిస్టరక్కా, తానం చేసినంక దవాఖానకు పోతే ఏం ఫాయిదా? అంతా కొట్టుకపోదా?”

కొట్టుకపోదు. కొంత పోతుంది, అంతా పోదు. ఒంటిపైన అంటిన ఉమ్మి, చెమటలాంటివి నీళ్ళకు త్వరగా పోతాయి. నోట్లో ఆనవాళ్ళు సాధారణంగా ఒక రోజుకు మించి నిలవవు. లోపలి సంగతి వేరు. వీర్యకణం తోక తొందరగా రాలిపోయినా, తల భాగం గట్టిది. డీఎన్‌ఏ ఉండేది అందులోనే. యోనిలో అది మూడు నుంచి ఐదు రోజులు, గర్భాశయ ముఖద్వారం దగ్గర వారం దాకా దొరకవచ్చు. వీర్యకణాలు కనిపించకపోయినా మరో దారి ఉంది. వై క్రోమోజోమ్ మగవాళ్ళలోనే ఉంటుంది కాబట్టి, స్త్రీ కణాలు ఎన్ని ఉన్నా వాటి మధ్య ఆ జాడను మాత్రమే వెతికే పరీక్ష వచ్చింది.

బట్టలు ఒంటికంటే ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటాయి. పొడిగా ఉంటే మరక ఏళ్ళ తరబడి ఉంటుంది. ఉతికిన బట్ట మీద కూడా దొరికిన సందర్భాలున్నాయి. దానికి శత్రువు కాలంకన్నా తేమ. తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో కడితే సూక్ష్మజీవులు డీఎన్‌ఏని తినేస్తాయి. అందుకే నీడన ఆరనిచ్చి కాగితం సంచిలో పెట్టాలంటారు. ఉతక్కుండా, కాల్చకుండా ఉంచితే చాలు, మిగతా పని దవాఖాన వాళ్ళది.

కేంద్ర ఆరోగ్యశాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒంటి లోపలి నమూనాలకు 96 గంటల లెక్క పెట్టాయి. నాలుగు రోజులన్నమాట. బట్టల వంటివి ఆ తర్వాత కూడా తీసుకోవచ్చు. పోలీసు కాగితం లేకుండా నేరుగా వచ్చినా పరీక్ష చెయ్యాలి. ఆమె ఒప్పుకుంటేనే చెయ్యాలి. వైద్యం మాత్రం ఎన్ని రోజులకు వచ్చినా ఆపకూడదు.

మా ఊరి నుంచి కామారెడ్డి దూరమేం కాదు, బస్సెక్కితే గంటలోపే. ఇంటి గడప నుంచి ఆ బస్సు దాకా పోవడానికే రోజులు పడతాయి. నలుగురికి తెలిస్తే పిల్లకు పెళ్ళవుతుందా అని ఒకరోజు. మేనమామ రావాలని ఇంకో రోజు. పెద్దమనుషులు కూర్చుని, వాడితో ఇంత జుర్మానా కట్టిస్తాం, ఊరుకోండి అనడానికి మరో రెండు రోజులు. నాలుగు రోజులు నీళ్ళకు పోలేదు, పంచాయితీకి పోయాయి.

దవాఖానకు చేరితే అయిపోతుందా అంటే, అదీ కాదు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో హాస్టల్లో హత్యకు గురైన విద్యార్థిని కేసు మనందరికీ గుర్తుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. డీఎన్‌ఏ సరిపోయిందన్నది ప్రాసిక్యూషన్‌కు పెద్ద ఆధారం. ఒక యువకుడికి శిక్ష పడింది. ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలేసింది. సీబీఐ మళ్ళీ మొదటి నుంచి చూద్దామనుకునేసరికి, విజయవాడ కోర్టులో ఉండాల్సిన ఆ కేసు వస్తువులు లేవు. అప్పీలు నడుస్తుండగానే వాటిని ధ్వంసం చేశారని తేలింది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆమె సమాధి తవ్వి ఎముకలు తీయాల్సి వచ్చింది. ప్రకృతి దాచిపెట్టిన దాన్ని బీరువా దాచలేకపోయింది. తల్లి నీళ్ళు పోస్తే సాక్ష్యం పోగొట్టిందని అంటాం. మరి దీన్ని ఏమనాలి?

మా చెల్లె అంతటితో వదల్లేదు. “మరి ఏం దొరకకపోతే? అబద్ధమాడిందంటరు గదా అక్కా.”

అంటారు. దవాఖాన వరండాల్లో నేను విన్న మాటే అది. రిపోర్టులో ‘వీర్యకణాలు కనిపించలేదు’ అని ఉంటే, ఏమీ జరగలేదని చదువుకునే వాళ్ళున్నారు. వాడు కండోమ్ వాడి ఉండవచ్చు, స్ఖలనం కాకపోయి ఉండవచ్చు, ఆమె ఆరో రోజున వచ్చి ఉండవచ్చు. దొరకలేదంటే దొరకలేదనే అర్థం. 1996లో పంజాబు రాష్ట్రం వర్సెస్ గుర్మీత్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ సంగతి దగ్గరే నిలబడింది: ఆమె మాట నమ్మదగినదైతే, దాన్ని బలపరచడానికి వేరే సాక్ష్యం కావాలని పట్టుబట్టనక్కర్లేదు; ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన కేసు కూలిపోదు.

అందుకని ఇప్పుడు సంఘం మీటింగుల్లో ఇదే వరసలో చెబుతున్నాను. తానానికి ముందు దవాఖానకు రండి. తానం చేసినా రండి. బట్టలు దాచండి. బట్టలు కాలిపోయినా రండి. నాలుగు రోజులు దాటినా, నాలుగు నెలలు దాటినా రండి. గడువు పరీక్షకు ఉంది గానీ ఆ పిల్ల మాటకు లేదు. ఆ మాటను వినేవాళ్ళు ముందు ఇంట్లో ఉంటే, ల్యాబు దాకా దారి దానంతట అదే దగ్గరవుతుంది.