అప్రిసిటీ, నీరెండ

వ్యాసంలో వాడదామని మీరూ అరుదైన ఇంగ్లిష్ పదాలు నోట్సులో రాసుకుంటున్నారా? నా నోట్సు మొదటి పేజీలో ‘అప్రిసిటీ’ ఉండేది. చలికాలపు ఎండలోని వెచ్చదనం అని అర్థం. ఎండ బాగా తగిలే చోటును చెప్పే లాటిన్ మాట ‘అప్రికస్’ దీనికి మూలం. 1623లో హెన్రీ కాకెరమ్ తన కఠిన పదాల నిఘంటువులో దీన్ని చేర్చాడు. అప్పట్లో అలాంటి నిఘంటువుల నిండా లాటిన్‌కు ఇంగ్లిష్ తోక తగిలించిన మాటలే. చాలావరకు జనం నోటికి ఎక్కలేదు. ఇదీ ఎక్కలేదు.

మెయిన్స్ వ్యాసంలో దాన్ని ఎలాగో ఇరికించాను. అర్థం వివరించడానికే మూడు వాక్యాలు పోయాయి, ముగింపు సగంలో ఆగిపోయింది. ఆ ఏడాది ఇంటర్వ్యూ పిలుపు రాలేదు.

జనవరిలో ఢిల్లీలో, గదిలో వణుకుతూ చదువుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మేడెక్కి కాసేపు నీరెండలో కూర్చో నాన్నా" అంది. ఆ మాట నా నోట్సులో లేదు.