అమ్మతో మినియాపొలిస్ చలికాలం

2022 డిసెంబరులో అమ్మ ఒంగోలు నుండి మా దగ్గరకు వచ్చింది. వెన్నుపూసకు శస్త్రచికిత్స అయిన తరువాత ఆమెకు నడక పోయింది. కాళ్ళలో స్పర్శ కూడా తగ్గింది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని ఈ అమెరికా చలిలో ఎలా తిప్పడం? మేమిద్దరమూ, కాలేజీలో చదివే మా అబ్బాయీ ఉన్నాము గదా, అవసరమైతే కుర్చీతో సహా ఎత్తుకుపోదాం అనుకున్నాము.

మన వైపు చలికాలమంటే స్వెటరూ, తెల్లవారుజామున పొగమంచూ. ఇక్కడ సున్నాకు 20 డిగ్రీల కిందకు దిగే రోజులుంటాయి. పడినప్పుడు దూదిలా ఉన్న మంచు నలుగురూ తొక్కాక రాయి అవుతుంది. కుర్చీకి వెనుక చక్రాలు పెద్దవి, ఎలాగో దొర్లుతాయి. చిక్కంతా ముందరి చిన్న చక్రాలతోనే. అవి దిగబడితే కుర్చీ ఆగిపోతుంది, కూర్చున్న మనిషి మాత్రం ముందుకు పోతుంది.

ఈ సంగతి మాకు మా వీధి మూలనే తెలిసింది. మంచు కురవడం ఆగిన 24 గంటల్లో ఇంటివారు తమ ముందున్న కాలిబాటను శుభ్రం చేయాలని ఈ నగరంలో నియమం. మా ఇరుగుపొరుగువారు చేశారు కూడా. తరువాత వచ్చిన మంచు తోసే బండి రోడ్డు మీది మంచును తెచ్చి, మూలనున్న వాలు దగ్గర గట్టులా పోసిపోయింది. మోకాలెత్తు కూడా లేదు. మా అబ్బాయి వెనుకనుండి ఒక్క తోపు తోశాడు. అమ్మ ముందుకు తూలింది. భుజం పట్టుకున్నాము గనుక సరిపోయింది.

ఆ తరువాత వారం రోజులు, "మీరు వెళ్ళి రండి, నేను కిటికీ దగ్గర కూర్చుంటాను" అన్నది. మంచుకు భయపడుతోందనుకున్నాము. చివరకు చెప్పింది: "మంచుకు కాదు. చెప్పకుండా కదిలిస్తారే, దానికి."

మాకు సిగ్గు వేసింది. అప్పటినుండి ఆమె "ఊఁ" అంటేనే కుర్చీ కదిలేది. గట్టు వచ్చినచోట కుర్చీని వెనక్కు తిప్పి, పెద్ద చక్రాలు ముందు పోయేలా లాగడం నేర్చుకున్నాము. ఇనుప చువ్వలు చేతికి అంటుకొనే చలి గనుక మందపాటి గ్లౌజులు, ఒళ్ళో దుప్పటి. ఇంటికి రాగానే మొదట చూడవలసింది పాదాలు: చలి కొరికినా ఆమెకు తెలియదు. గుమ్మం దగ్గర చక్రాలు తుడవడానికి పాత తువ్వాలు సరేసరి.

నగరం నడిబొడ్డున స్కైవేలున్నాయి. భవనానికీ భవనానికీ మధ్య రెండో అంతస్తులో కట్టిన అద్దాల వంతెనలివి. మొదటిది 1962లో కట్టారు. ఇప్పుడు అన్నీ కలిపి సుమారు 15 కిలోమీటర్లు. లైట్ రైలు పెట్టె ప్లాట్‌ఫారానికి సమంగా ఉంటుంది గనుక అమ్మ ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. స్కైవేలో తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ మాకంటే ముందు పోయింది. కింద మంచులో బస్సులు, పైన చొక్కాలతో తిరిగే జనం. అక్కడక్కడ నేల ఎత్తు మారుతుంది, లిఫ్టు వెతుక్కోవాలి. ఒక్కో భవనం ఒక్కో వేళకు మూస్తారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి మేము వచ్చిన దారి తలుపుకు తాళం పడింది. మేము కంగారుపడ్డాము. అమ్మ మాత్రం, "లిఫ్టులో దిగుదాం. రెండు వీధులే గదా. మూల వస్తే వెనక్కు తిప్పండి" అన్నది.

రైలు దగ్గరకు చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

మరునాడు చీకటితోనే మంచు తోసే బండి చప్పుడయింది. అమ్మ మనవణ్ణి కేకేసి, "లేవరా నాన్నా, పార తీసుకో" అన్నది.