దుర్భిణి చెప్పిన అబద్ధం

1915వ సంవత్సరం. ఉత్తర ఫ్రాన్సులో బ్రిటిష్ సైన్యమూ జర్మన్ సైన్యమూ ఎదురెదురు కందకాలలో కూరుకుపోయి ఉన్నాయి. కొన్నిచోట్ల రెండింటి నడుమ రెండు వందల గజాల దూరమైనా లేదు. గట్టు మీదుగా క్షణకాలం తల ఎత్తినవాడు మరుక్షణం నేలకొరిగేవాడు. రోజుకు ఐదుగురిని ఈ విధంగా పోగొట్టుకోవడం పటాలాలకు మామూలైపోయింది. ఒక పటాలం ఒకే రోజున 18 మందిని కోల్పోయింది. మన గఢ్వాలీలు, గూర్ఖాలు, పంజాబీలు కూడా ఆ ఏడాది ఆ సీమలోని కందకాలలోనే నిలిచి ఉన్నారు.

జర్మన్ల చేతిలో ఉన్న మంత్రం దుర్భిణి బిగించిన రైఫిలు. బ్రిటిష్ వారి వద్ద అటువంటివి బొత్తిగా లేవనడానికి వీలులేదు, కొద్దిపాటి ఉన్నాయి. అయితే వాటిలోనుంచి చూసిన చోటు ఒకటి, తూటా తగిలే చోటు మరొకటి.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి పూనుకున్నవాడు వృత్తిరీత్యా సైనికుడు కాడు. హెస్కెత్ ప్రిచర్డ్ 1876లో మన ఝాన్సీలో జన్మించాడు. సైనికాధికారి అయిన తండ్రి, కొడుకు పుట్టడానికి ఆరు వారాల ముందే టైఫాయిడ్ జ్వరంతో మరణించాడు. తల్లి ఒంటరిగా పెంచింది. తరువాత తల్లీ కొడుకులిద్దరూ కలిసి కథలు వ్రాసి పేరు గడించారు. అతడు వేటగాడు, యాత్రికుడు. హాంప్‌షైర్ జట్టులో ఫాస్ట్ బౌలర్‌గా కూడా ప్రసిద్ధుడు. యుద్ధం వచ్చేసరికి 37 ఏళ్ళు నిండి ఉండటంతో కోరిన పటాలాలలో చోటు దొరకలేదు. పత్రికా విలేఖరులను యుద్ధరంగానికి తోడ్కొనిపోయే ఉద్యోగమిచ్చి అతనిని ఫ్రాన్సుకు పంపారు. విలేఖరుల వెంట వెళ్ళిన మనిషి, దుర్భిణి రైఫిళ్ళను కూడా వెంటబెట్టుకుని వెళ్ళసాగాడు.

దుర్భిణి బిగించగానే రైఫిలుకు కళ్ళు వస్తాయని తెలియనివారు అనుకుంటారు. నిజానికి అక్కడ రెండు వేర్వేరు దారులున్నాయి. దుర్భిణిలో నుంచి చూపు గీత గీసినట్లు సూటిగా పోతుంది. తూటా అలా పోదు. గొట్టం విడిచిన క్షణం నుంచే భూమి దానిని తనవైపు లాగుకుంటుంది. ఆనాటి .303 రైఫిలు తూటా సెకనుకు 2,440 అడుగుల వేగంతో బయలుదేరినా, 200 గజాలు చేరేసరికి గొట్టం చూపిన దిశకు అడుగుకు పైగా దిగిపోతుంది. అందుచేత గొట్టాన్ని చూపుకంటె రవ్వంత పైకి ఎత్తి ఉంచాలి. అప్పుడు తూటా కొద్దిగా ఎగసి, వంగి, కోరిన దూరంలో చూపును కలుసుకుంటుంది. ఎంత ఎత్తాలో నిర్ణయించేది దుర్భిణి మీద ఉండే చిన్న డ్రమ్ము. దాని మీద గజాల లెక్కన గీతలుంటాయి. దూరాన్నిబట్టి దానిని తిప్పుకోవాలి.

ఆ గీతలు చెక్కినవాడు ఎక్కడో కర్మాగారంలో ఉన్నాడు. తాను చేసిన దుర్భిణి ఏ రైఫిలు మీదికి ఎక్కుతుందో, దానిని పట్టి ఉంచే బిగింపు ఒక వెంట్రుకవాసి పక్కకు ఒరిగిందో లేదో అతనికి తెలియదు. డిగ్రీలో 60వ వంతు తేడా వస్తే 100 గజాల దగ్గర అంగుళం దూరం తప్పుతుంది. 200 గజాల దగ్గర రెండంగుళాలు. ఇసుక బస్తాల సందున కనిపించే తల వెడల్పు ఎంత? ఫాస్ట్ బౌలర్‌కు ఈ సంగతి వేరొకరు బోధించనక్కరలేదు. బంతి వికెట్ల వైపు సూటిగా పోతే చాలదు. అది ఎక్కడ నేలను తాకుతుందన్నదే ప్రధానం.

ప్రిచర్డ్ చేసిన పని వినడానికి చప్పగానే ఉంటుంది. ఉన్న రైఫిళ్ళను లక్ష్యానికి ఎదురుగా పెట్టి కాల్చి, తప్పును కొలిచి, సరిదిద్దడం. సైనికుల పరిభాషలో దీనిని జీరో చేయడం అంటారు. రైఫిలును ఇసుక బస్తాల మీద కదలకుండా ఆనించి, డ్రమ్మును తెలిసిన దూరానికి తిప్పి, ఒకే బిందువును చూస్తూ వరుసగా నాలుగైదు తూటాలు పేలుస్తారు. ఒక్క తూటా సాక్ష్యం చెల్లదు. రంధ్రాలు కాగితం నిండా చెదిరి ఉంటే డ్రమ్మును ముట్టుకొని ప్రయోజనం లేదు. కాల్చేవాని చేయి వణికి ఉండాలి, లేదా బిగింపు వదులై ఉండాలి. అన్నీ ఒకచోట గుంపుగా పడి, ఆ గుంపు లక్ష్యానికి నాలుగంగుళాలు కిందుగా ఉంటే అది శుభవార్తే. తప్పు నిలకడగా ఉన్నది గనుక దిద్దుకోవచ్చు. గుంపు నడిమి భాగం నుంచి లక్ష్యం వరకు కొలిచి, ఆ మేరకు ఎత్తు మార్చి, మళ్ళీ కాలుస్తారు. తూటాలు చూసిన చోటే పడిన తరువాత గీతల చట్రాన్ని వదులు చేసి, కాల్చిన దూరపు అంకె గుర్తుకు ఎదురుగా వచ్చేటట్లు తిప్పి బిగిస్తారు. అంకె అబద్ధమాడటం అప్పటికి మానుతుంది.

అప్పటికి మాత్రమే. కందకంలో రైఫిలు గోడకు తగులుతుంది, బురదలో జారిపడుతుంది. కాల్చి కాల్చి గొట్టం వేడెక్కాక కుదిరిన గురి, చలి ఉదయాన పేల్చే మొదటి తూటాకు కుదరకపోవచ్చు. పొంచి ఉన్నవానికి దక్కేది ఆ మొదటి తూటాయే. అది తప్పితే ఎదుటివానికి చోటు తెలిసిపోతుంది. అతని దుర్భిణి సరిచూసినదై ఉంటుంది.

సైన్యం ఇచ్చినవి చాలక ప్రిచర్డ్ స్నేహితుల వద్ద, పేరున్న వేటగాళ్ళ వద్ద దుర్భిణులు, రైఫిళ్ళు అరువు తెచ్చాడు. చందాలు అడిగాడు, చాలనిచోట సొంత డబ్బు పెట్టి కొన్నాడు. జర్మన్ల ఉక్కు పలకలను మామూలు తూటా ఛేదించకపోతే, పెద్ద జంతువులను వేటాడే తుపాకులు తెప్పించాడు. కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మ తలలను గట్టు మీద ఎత్తించి, వాటికి పడిన రంధ్రాన్నిబట్టి కాల్చినవాడు ఎక్కడున్నాడో పట్టేవాడు. బొమ్మ తలల కథ అందరికీ రుచిస్తుంది. ఎక్కువ ప్రాణాలను కాపాడినది మాత్రం, బహుశా, కాగితం మీద అంగుళాలు కొలిచిన ఆ విసుగు పుట్టించే పనే.

ఇక్కడ ఒక మాట దాచడం న్యాయం కాదు. కాపాడిన ప్రాణం ఇటువైపుది. సరిదిద్దిన డ్రమ్ము అటువైపు మరొక తల్లి కొడుకును వెదికింది. దుర్భిణిలో ఆ ముఖం గడ్డం గీసుకున్నదో లేదో తెలిసేటంత దగ్గరగా కనిపిస్తుంది. తెలియనివాని మీద గుడ్డిగా ఫిరంగి పేల్చడానికీ దీనికీ ఉన్న తేడాను ఏ గీతల చట్రమూ కొలవదు.

1916లో లిన్‌ఘెమ్ అనే గ్రామంలో ప్రిచర్డ్ ఆధ్వర్యాన ఈ విద్య కోసమే ఒక సైనిక పాఠశాల వెలసింది. 1920లో అతడు తన అనుభవాలను పుస్తకంగా ప్రకటించాడు. సాహసగాథలు చదువుదామని తెరిచినవారికి, చివర అనుబంధాలలో శిక్షణ పాఠాల వివరాలు కూడా ఎదురవుతాయి. 1922 జూన్‌లో, 45 ఏళ్ళ వయసులో, రక్తం విషపూరితమై అతడు కన్నుమూశాడు.